తువ్వాలు లెక్క

నేను ఒక మూలమట్టాన్ని. జామెట్రీ పెట్టెలో పడుకునే ప్లాస్టిక్ బిళ్ళను కాను. నల్లబల్ల మీద సుద్దముక్కతో గీతలు గీయించడానికి పుట్టిన, మూరెడు పొడవు టేకు చెక్కను. నా కథ మొదలుపెట్టే ముందు కడుపులో ఉన్న మాట ఒకటి కక్కేయాలి. పమిడి శేషగిరిరావు మాస్టారు అన్యాయం చేశాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది; పోయినవాళ్ళను అనకూడదంటారు. ఉన్నన్నాళ్ళూ మాత్రం ఎవరు అననిచ్చారు? ఒక పిల్లవాడు ప్రశ్న అడిగితే, దాని జవాబు ఆయన చేతిలోనే ఉంది. ఆ జవాబుతో ఆయన వాణ్ణి కొట్టాడు. ఆ జవాబును నేనే.

నన్ను చేసింది వీరాచారి అనే వడ్రంగి. చీరాల దగ్గర ఒక నేతపేటలో హైస్కూలుకు కొత్త గదులు కడుతుంటే, ద్వారబంధాలకు పోగా మిగిలిన ముక్కను నేను. వీరాచారి నన్ను చిత్రిక పట్టి, మూడు మూలలు తేల్చి, పట్టుకోవడానికి నడుమ ఒక గుబ్బ బిగించాడు. నా తొంభై డిగ్రీల మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి కదా. బల్ల అంచుకు నన్ను ఆనించి ఒక గీత గీశాడు. నన్ను బోర్లా తిప్పి, అక్కడే మళ్ళీ ఆనించి ఇంకో గీత గీశాడు. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. "నువ్వు అబద్ధం చెప్పవురా" అన్నాడు నా వీపు నిమురుతూ. నా బతుకులో నాకు దక్కిన సర్టిఫికెట్ అదొక్కటే.

బడి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సుద్ద పొడి వాసన వస్తుంది. పొద్దున్నే పిల్లలు గచ్చు కడిగితే ఆ తడి మీద వెలుగు పడి తరగతి గదంతా మెరిసేది. కిటికీలోంచి పేటలోని మగ్గాల చప్పుడు వినబడుతుండేది. లెక్కల పీరియడు మధ్యలో ఏదైనా మగ్గం ఆగిపోతే "మా నాన్న టీకి పోయాడు" అని ఎవడో ఒకడు గొణిగేవాడు. చప్పుడును బట్టి ఏ ఇంటి మగ్గమో చెప్పగలిగిన పిల్లలు వాళ్ళు.

శేషగిరిరావు మాస్టారికి నాతో పని తక్కువ. "నా చెయ్యే మూలమట్టంరా" అనేవాడు. చేత్తోనే గీసేవాడు. గీత వంకర పోతే "ఇది సుమారు బొమ్మ, ఊహించుకోండి" అనేవాడు. నేను మాత్రం ఆయన చంకలో ఉండాల్సిందే. గీతకు కాదు, పిల్లల వేళ్ళ గణుపులకు.

ఎనిమిదో తరగతిలో కొంగర భావనారాయణ అనే కుర్రాడు ఉండేవాడు. నేతగాడి కొడుకు. తెల్లారి లేచి నూలు కండెలు చుట్టి బడికి వచ్చేవాడు. భుజాన ఎప్పుడూ ఎర్రంచు తువ్వాలు. వాళ్ళ నాన్న నేసింది. ఆ రోజు మాస్టారు బల్ల మీద పక్కకు వాలిన నాలుగు పక్కల బొమ్మ ఒకటి గీశాడు. అది సమాంతర చతుర్భుజమన్నాడు. దాని వైశాల్యం కావాలంటే పక్కను పక్కతో గుణించకూడదు, పక్కను ఎత్తుతో గుణించాలి, రాసుకోండి అన్నాడు. అందరూ రాసుకున్నారు. భావనారాయణ లేచి నిలబడ్డాడు.

"సార్, నాకో డౌటు."

"నీకా? చెప్పు, విందాం."

వాడు తువ్వాలు తీసి బల్లమీద పరిచాడు. "ఇదుగోండి సార్, నాలుగంచులు. పక్కను పక్కతో గుణిస్తే ఇంత గుడ్డ. ఇప్పుడు దీన్ని పక్కకి లాగుతున్నా." ఎదురెదురు కొసలు పట్టుకొని లాగాడు. తువ్వాలు మాస్టారి బొమ్మ లాగే వాలింది. "అంచులు అయ్యే. పోగులు అయ్యే. ఒక్క పోగు కూడా తెగలా. మరి గుడ్డ ఎట్టా తగ్గిద్ది సార్?"

ఎంత మంచి ప్రశ్న! నేను మాస్టారి చంకలో ఉబ్బిపోయాను. నన్ను ఆ తువ్వాలు అంచుకు ఆనించి నిలబెడితే చాలు. లాగేకొద్దీ పై అంచు కింది అంచుకు ఎంత దగ్గరగా జారిందో నేను చూపించేవాణ్ణి. ఒక్క నిమిషం పని. మాస్టారు ఆ తువ్వాలు వంక చూశాడు, వాడి వంక చూశాడు. ఆయనకు జవాబు తెలియదని నేననను. తెలుసుననీ అనలేను. ఆయన కూడా రాసుకున్నవాడే.

"మగ్గం గుంతలో పుట్టినోడి బుర్ర గుంత దాటి పైకి రాదురా" అన్నాడు. తరగతంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్ళలో సగంమంది, నేతగాడు కాళ్ళు దించుకొని కూర్చునే ఆ గుంతల్లోంచి వచ్చినవాళ్ళే. తర్వాత నా గుబ్బ పట్టుకొని వాడి భుజం మీద వేశాడు. గట్టిగానే వేశాడు. నా సన్నమూల ఒకటి విరిగిపోయింది. "దరిద్రగొట్టు చెక్క" అని నన్ను కిటికీలోంచి బయటికి గిరాటేశాడు.

సాయంత్రం గంట కొట్టాక భావనారాయణ నన్ను ఏరుకున్నాడు. తువ్వాలులో చుట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు. మర్నాడు బడికి పోలేదు. ఆ తర్వాతా పోలేదు. వాళ్ళ నాన్న ఎందుకని అడగలేదు. "సరే, దిగు గుంతలోకి" అన్నాడంతే. అట్లా ఒకే రోజున ఇద్దరం చదువు మానేశాం.

ఆ ఇంట్లో నన్ను మగ్గం పక్కన మేకుకు తగిలించారు. మనుషుల చేతుల్లో ఒక వస్తువు ఎన్ని అవతారాలెత్తుతుందో అక్కడ తెలిసింది. వీపు గోకడానికి నేనే. ఉక్కపోస్తే విసనకర్ర నేనే. మగ్గం కాలు ఊగితే కింద దూర్చే చెక్క నేనే. ఒక్క మూల చూడటానికి మాత్రం ఎవరూ నన్ను దించలేదు. అయినా ఆ రోజులు మంచి రోజులే. తెల్లవారితే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగులు చాపి గంజి పెట్టేవాళ్ళు. రంగురంగుల దారాల మధ్య ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎదురెదురుగా నడుస్తూ దువ్వుతూ ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునేవాళ్ళు. పుల్లటి గంజి వాసన వీధంతా ఉండేది. ఇప్పుడా వీధిలో మోటారు సైకిళ్ళు ఆపుతున్నారు.

భావనారాయణ చేతిపని శుభ్రంగా ఉండేది; నోరు మాత్రం చేదెక్కింది. బడి మాట ఎవరెత్తినా తువ్వాలు కథ చెప్పేవాడు. "అంత పెద్ద మాస్టారే! నా డౌటుకి జవాబు జెప్పలేక కొట్టాడు" అనేవాడు. జవాబు రాని ప్రశ్న గెలిచినట్టే అనుకోవడం మనుషులకు అలవాటు. ఏళ్ళు గడిచేకొద్దీ వాడికి అది ప్రశ్న అన్న సంగతే మరుపున పడింది. అదే సిద్ధాంతమైపోయింది. అంచులు మారకపోతే గుడ్డ తగ్గదు.

పెళ్ళయింది. భార్య అంకమ్మ. కూతురు పుట్టింది. భద్రావతి అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్ల పాకే వయసులో ఒకసారి గుంత అంచుదాకా వచ్చింది. భావనారాయణ పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె వదిలేసి పిల్లను ఎత్తుకొని, "ఈ గుంతలోకి నువ్వు దిగే పని లేదమ్మా. నేను దిగింది చాలు" అన్నాడు. ఆ ఒక్కమాట మీద బతికాడు మనిషి.

గుంత లేని ఇల్లు కట్టాలని మురుగు కాలవ గట్టున స్థలం ఒకటి కొన్నాడు. అమ్మినాయన పేర్ల సాంబయ్య. వరసకు మామ అవుతాడు. కాలవ ఏటవాలుగా పోతుంది గనక ఆ గట్టున స్థలాలన్నీ అట్లాగే పక్కకు వాలి ఉండేవి. కొలతనాడు హద్దు పుల్లలు దిగ్గొట్టడానికి సుత్తి దొరక్క భావనారాయణ నన్ను తీసుకెళ్ళాడు. తాడు ఒక కొస సాంబయ్య పట్టుకున్నాడు, రెండో కొస వీడు పట్టుకున్నాడు. ఇటు అరవై అడుగులు, అటు అరవై అడుగులు. అడ్డం నలభై అయిదు, అటూ నలభై అయిదే. మూడువందల గజాలు.

అంకమ్మ దూరంగా నిలబడి చూస్తూ ఉంది. "ఏవయ్యా, స్థలం ఇట్టా వాలిపోయిందేంది? కురచగా అగపడతా ఉంది నాకు."

భావనారాయణ నవ్వాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. "ఇటు రా, ఆ కొస పట్టుకో. ఇప్పుడు లాగు. అంచులు తగ్గినయ్యా?"

"తగ్గలా."

"పోగు తెగిందా?"

"లేదు."

"మరి నేల యాడికి పోయిద్దే పిచ్చిదానా!"

సాంబయ్య పకపకా నవ్వాడు. "అంకమ్మా, మీ ఆయన లెక్కల మాస్టారు కావాల్సినోడమ్మా, మగ్గం మీద కూకున్నాడు" అన్నాడు. ఆ మాటకు భావనారాయణ మొహంలో వచ్చిన వెలుగు ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. నాలుగు మూలలా పుల్లలు పెట్టి నాతో దబదబా మోదాడు. ప్రతి మూలకూ నేను జానెడు దూరంలోనే ఉన్నాను. ఏ మూలకూ నన్ను ఆనించలేదు.

ఇక భద్రావతి సంగతి. ఆ పిల్ల పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కింది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాస్తానంది. గవర్నమెంటు కాలేజీలో సీటు వస్తే హాస్టలుతో సహా చదువు జరిగిపోతుంది. రాకపోతే? ప్రైవేటు కాలేజీ మాట ఆ ఇంట్లో అనుకునేది కాదు. పక్కింటి మగ్గం ఖాళీగా ఉంది, ఆడపిల్లయినా చెయ్యి తిరిగితే నాలుగు రాళ్ళొస్తాయని చుట్టాలు అప్పుడే అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా భావనారాయణ పోగులు బిగించే మగ్గం పలకను రెండింతలు గట్టిగా గుద్దేవాడు.

పాత ప్రశ్నపత్రాలు, వెనకాల జవాబులతో అచ్చేసిన పుస్తకం ఒకటి తెచ్చాడు. పిల్ల మగ్గం పక్కన కూర్చొని పైకి చదువుతూ చేసేది. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు, ఒకటి ఎంచుకోవాలి. బీజగణితం అంటే ఆయన నోరెత్తేవాడు కాదు. వైశాల్యాల దగ్గరికి వచ్చేసరికి మగ్గం ఆపాడు.

"ఇది నాకొదిలెయ్ అమ్మాయ్. చదువు."

"సమాంతర చతుర్భుజం. ఒక పక్క పన్నెండు, రెండో పక్క పది. పన్నెండు మీదికి ఎత్తు ఎనిమిది. వైశాల్యం ఎంత?"

"నూట ఇరవై" అన్నాడు తలెత్తకుండానే.

"మొదటి జవాబు నూట ఇరవయ్యే ఉంది నాన్నా." పిల్ల వెనక పేజీ తిప్పింది. "వెనకాలేమో తొంభై ఆరని ఇచ్చాడే."

"అచ్చు తప్పు."

మర్నాడు ఇంకో పత్రం. అంకెలు వేరు, లెక్క అదే. మళ్ళీ ఈయన జవాబు మొదటి వరసలో కూర్చొని ఉంది. వెనక పేజీ మళ్ళీ కాదంది.

"ఇది కూడా అచ్చు తప్పేనా నాన్నా?"

"అన్నీ ఒకే ప్రెస్సులో కొట్టుంటారు."

అంకమ్మ వంటింట్లోంచి "ఆ ప్రెస్సోడికి నీ మీద కక్షేమో!" అంది.

"స్కూల్లో కూడా ఎత్తుతోనే గుణించమన్నారు నాన్నా."

"ఎందుకో జెప్పారా?"

పిల్ల ఆలోచించింది. "జెప్పలా. రాసుకోమన్నారు."

"చూశావా!" అన్నాడు గెలిచినవాడిలా. కానీ ఆ గెలుపు ఆయన మొహంలో నిలవలేదు. ఆ పూట పోగులు ఊరికే తెగాయి. నేను మేకు మీది నుంచి చూస్తూనే ఉన్నాను. అచ్చు తప్పు కాకపోతే కాలవ గట్టున మూడువందల గజాలు తప్పవుతాయి. ఆ సంగతి ఆయన తలలో పురుగులా తిరుగుతోంది. అంతకంటే లోతున ఇంకొకటి: ఇన్నేళ్ళూ గెలిచాననుకున్న ప్రశ్న ఓడిపోతుంది. నేల పోతే ఆ నేలే పోతుంది. ఇది పోతే బడి మానేసినందుకు మిగిలిన ఒక్క సాకూ పోతుంది.

పరీక్ష దగ్గరపడింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర అన్నాడు: "భద్రమ్మా, పరీక్షలో ఆ లెక్క వస్తే నా జవాబే పెట్టు. మీ నాన్న మాట మీద నమ్మకముంటే."

పిల్ల ముద్ద నోట్లో పెట్టుకోకుండా అట్లాగే కూర్చుంది. అంకమ్మ, "ఏవయ్యా, పిల్ల సీటుతో ఆటలా? నీ పంతానికి దాన్ని మగ్గమెక్కిస్తావా?" అంది. ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ అనని మాట అది. భావనారాయణ కంచంలో చెయ్యి కడుక్కొని లేచిపోయి గుంతలో కూర్చున్నాడు. కానీ నాడె వేయలేదు.

భద్రావతి వాదించలేదు. చూరులో దోపిన వెదురు బద్దలు నాలుగు తీసింది. రెండు పొడుగువి, రెండు పొట్టివి. కొసలు దారంతో వదులుగా ముడేసి చట్రంలా చేసింది. నన్ను మేకు మీంచి దించి ఒక మూలకు ఆనించింది. చట్రం నిటారుగా నిలబడింది. నా మూలలో ఆ రెండు బద్దలూ సరిగ్గా ఇమిడినప్పుడు నాకు కలిగింది ఏమిటో చెప్పలేను. వీరాచారి బల్ల దగ్గర పుట్టిన రోజు గుర్తుకొచ్చింది.

"నాన్నా, ఇదే నీ తువ్వాలు. అంచులు మాత్రమే ఉన్నయ్."

ఆయన చూశాడు.

"ఇప్పుడు వంచుతున్నా." నన్ను పక్కన పెట్టి చట్రాన్ని కొంచెం వాల్చింది. "బద్దలు తగ్గినయ్యా?"

"తగ్గలా."

"ముడి ఊడిందా?"

"లేదు."

ఇంకా వాల్చింది. ఇంకా. పై బద్ద కిందికి జారుతూ జారుతూ వచ్చి కింది బద్ద మీద పడుకుంది. నాలుగు బద్దలూ కట్టెలమోపులా ఒక్కటయ్యాయి.

"నాలుగు పక్కలూ అట్టాగే ఉన్నయ్ నాన్నా. లోపలి జాగా ఏది?"

భావనారాయణ గుంతలోంచి వంగి ఆ బద్దలను వేలితో తడిమాడు. తర్వాత మెల్లగా, "మరి పోగులు?" అన్నాడు. అది వాదన కాదు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. ఎనిమిదో తరగతి గదిలో విన్న గొంతే అది.

పిల్ల ఆయన భుజం మీది తువ్వాలు తీసుకుంది. ఒక కొస అమ్మకిచ్చి ఎదురుకొస తను పట్టుకుంది. ఇద్దరూ గట్టిగా లాగారు. తువ్వాలు వాలి, సన్నబడి, చివరికి తాడయింది. "పోగులు యాడికీ పోలా నాన్నా. ఒకదాని మీదికి ఒకటి ఒరిగినయ్. గుడ్డ ఉంది, అది కప్పే మేరే తగ్గింది. దీని మీద పడుకోమంటే పడుకుంటావా?"

అంకమ్మ ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. ఎందుకంటే భావనారాయణ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇంతేనా అమ్మా?" అన్నాడు. "ఇంతేనా? ఆ రోజు ఆ మాస్టారు నాలుగు పుల్లలు వంచి చూపిస్తే అయిపోయేది గదా. నేను అర్థంగాని మొద్దునేం కాదే. నీ అంత తొందరగా అర్థమయ్యుండేది నాక్కూడా."

"నాకంటే తొందరగా అర్థమయ్యేది నాన్నా. నేను అసలు అడగనే లేదు, రాసుకున్నా."

ఆయన మొహం తుడుచుకున్నాడు. "పరీక్షలో ఎత్తుతోనే గుణించు" అన్నాడు. ఆ మాట అన్నాక గుంతలోంచి లేచి బయటికి పోయి, కాలవ ఉన్న దిక్కు చూస్తూ అరుగు మీద కూర్చున్నాడు.

పరీక్షనాడు సెంటరు బయట ఎండలో నిలబడ్డాడట. పిల్ల వచ్చీరాగానే "వచ్చిందా ఆ లెక్క?" అని అడిగాడట. వచ్చింది. పక్కను పక్కతో గుణించిన జవాబు మొదటి వరసలోనే ఉందట. దాన్ని దాటి మూడో దానికి గుండ్రం దిద్దింది. ఫలితాలొచ్చాక గుంటూరులో గవర్నమెంటు సీటు వచ్చింది. ఒక్క లెక్కతో సీటు వచ్చిందని నేననను. ఒక్క మార్కు తేడాలో పేటలో ఇంకో పిల్లకు సీటు చేజారింది.

సీటు ఖాయమయిన మర్నాడు తండ్రీ కూతుళ్ళు నన్ను తీసుకొని కాలవ గట్టుకు పోయారు. పిల్ల నా తొంభై డిగ్రీల మూలను పొడుగంచుకు ఆనించి పట్టుకుంది. భావనారాయణ నా వెంబడే తాడు నిటారుగా లాగి ఎదుటి అంచుదాకా పోయాడు. నలభై అయిదు అడుగులు ఉండాల్సిన తాడు ముప్ఫై ఆరు అడుగుల దగ్గర అవతలి హద్దు దాటింది. మళ్ళీ కొలిచారు. అంతే వచ్చింది. వీరాచారి అన్నమాట నిజం. నేను అబద్ధం చెప్పను.

సాంబయ్య అటు వస్తూ ఆగాడు. "ఏంది అల్లుడూ, ఇన్నేళ్ళకి కొలుస్తున్నావ్?"

"జాగా తక్కువొచ్చింది మామా. అయిదో వంతు లేదు."

"తాడు రెండో కొస పట్టుకుంది నువ్వు గాదా? మీ ఆవిడకి తువ్వాలు పట్టి పాఠం జెప్పింది నువ్వు గాదా? ఆ పాఠం చూసి నేను గూడా నేర్చుకుంటిని గదయ్యా! ఈ గట్టంతా అట్టాగే కొన్నా, అట్టాగే అమ్మేశా." నవ్వుతూనే అన్నాడు. నిజమో బొంకో ఈనాటికీ నాకు తేలలేదు. మూలలు కొలవగలను గాని మనుషులను కొలవలేను. భావనారాయణ తాడు చుట్టుకున్నాడు.

ఇప్పుడా స్థలంలో ఇల్లుంది. గుంత లేని ఇల్లు. భద్రావతి సివిల్ ఇంజనీరింగు చదివి తనే ప్లాను గీసింది. ఇల్లు నాలాగా నిటారుగా ఉంది, స్థలం వాలుగా ఉంది గనక రెండు చివర్లా ముక్కోణం ముక్కలు మిగిలిపోయాయి. ఒకదానిలో కరివేపాకు చెట్టు, ఇంకోదానిలో బట్టల తీగ. మగ్గం ఎప్పుడో ఊడదీశారు. నేను ముందుగది గోడ మీద ఉన్నాను. పిల్లలెవరైనా వచ్చి డౌటు అడిగితే భావనారాయణ మొదట కుర్చీ చూపిస్తాడు, తర్వాత నన్ను దించుతాడు. సాయంత్రాలు ఎక్కణ్ణుంచో మగ్గం చప్పుడేదో వినబడుతున్నట్టు చెవి రిక్కించి, ఏమీ లేక, మళ్ళీ పేపరు చదువుకుంటాడు.

ఏటా మున్సిపాలిటీ మనిషి ఇంటిపన్ను రసీదు తెస్తాడు. కాగితంలో స్థలం మూడువందల గజాలనే ఉంది. మార్పించుకో నాన్నా అని కూతురు అంటూనే ఉంటుంది. "ఉండనీ" అంటాడు ఆయన. "ఆ మాస్టారి ఫీజు అనుకుంటా." నేల మీద ఉన్నవి రెండువందల నలభై. పోయినవి అరవై గజాలు.